పాచా

మా వీధిలో రెండు కొట్లు, బోర్డుల మీద ఒకటే మాట.
పక్క కొట్లో దుర్సున్ గొర్రెకాళ్ళు ఉడకబెడతాడు.
నా కొట్లో నేను ప్యాంటు కాళ్ళు మడిచి కుడతాను.
దాన్నీ పాచా అంటారు, దీన్నీ పాచా అంటారు.
సివాస్‌లో మంచు గట్టిగా పడ్డ రాత్రి
మిగతా అక్షరాలన్నీ కప్పడిపోయి
ఆ ఒక్క మాటే లైటు కింద మిగులుతుంది.

ఓసారి తెల్లవారుజామున నాలుగింటికి,
పెళ్ళిబట్టల పని మీద నేనింకా మేలుకునే ఉన్నాను,
లారీ డ్రైవరొకడు తలుపు తోసి
"పాచా ఉందా అక్కా?" అన్నాడు.
"ఉంది. ఎన్ని వేళ్ళు తగ్గించమంటావ్?"
వాడు తన వేళ్ళకేసి చూసుకున్నాడు, భయంగా.
గోడ అవతల్నించి వెల్లుల్లి, సిర్కా వాసన వచ్చి
వాణ్ణి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళింది.

అంత చిన్న మాట,
ఊరందరికీ చాకిరీ చేస్తుంది.
పనికి దిగేవాడు పాచాలు పైకి మడుస్తాడు.
గాభరా పడ్డవాడి పాచాలకి నిప్పంటుకుంటుంది.
అబద్ధాలకోరుకి అబద్ధం పాచాల్లోంచి కారుతుంది.
మునిసిపాలిటీ గుమాస్తా వస్తున్నాడంటే
నేను ముందు తివాచీ చుట్టేస్తాను.
ఆపద తప్పించుకున్నవాడు
పాచా దక్కించుకున్నాడంటారు.

నా మొగుడూ దక్కించుకున్నాడు.
పెళ్ళి మర్నాడు మా వైపు పాచా రోజు.
వచ్చిన చుట్టాలందరికీ కొత్తకోడలు వడ్డించాలి.
నలభై ఎనిమిది కాళ్ళు. అంటే పన్నెండు గొర్రెలు.
గరిటె తిప్పుతూ లెక్కపెట్టుకున్నాను.
వెంట్రుకలు కాల్చి, గీకి, కడిగి
తెల్లవార్లూ మరిగించినా
ఒక గిట్ట సందులో చిన్న ముల్లు దొరికింది.
ఏ కొండ మీద గుచ్చుకుందో,
కుంటుకుంటూ మందతో ఎంత దూరం నడిచిందో.
ఎవరికీ చెప్పకుండా కొంగున ముడేసుకున్నాను.

ఆరేళ్ళ తర్వాత అతను అంకారా బస్సెక్కాడు.
ప్యాంటు అంచు ఒకవైపు ఊడి వేలాడుతోంది.
కుట్టమని అతను అడగలేదు,
ఆగమని నేను అనలేదు.

మా నాన్న పెంచిన పావురాలకీ పాచాలుండేవి.
కాళ్ళ నిండా ఈకలు, గోళ్ళు దాటి నేల ఊడ్చేవి.
వానాకాలం బురదంతా ఇంట్లోకి మోసుకొచ్చేవి.
"వీటికి అంచు కుట్టిపెడతావుటే?" అనేవాడు నాన్న.
ఎనిమిదేళ్ళదాన్ని, ఎగతాళని తెలీదు.
దారం తెచ్చుకున్నాను.

నిన్న దివ్రీ నుంచి జెవ్హెర్ వచ్చాడు,
ఇనప గనిలో పనిచేసినవాడు.
ఎడమ కాలు మోకాలి దాకే ఉంది.
మేనల్లుడి పెళ్ళికని కొత్త ప్యాంటు కొనుక్కున్నాడు.
కుడిది రెండు వేళ్ళు తగ్గించమన్నాడు.
ఎడమది...
మాట రాక, గుడ్డని మోకాలి కింద మడిచి చూపించాడు.
నా నోట్లో గుండుసూదులున్నాయి.
ఉండబట్టి సరిపోయింది.

"ఎంతివ్వాలి, షుకూఫె అక్కా?"
"పాచాకి యాభై లీరాలు."
ముప్ఫై ఏళ్ళ అలవాటు, నోరు జారింది.
అతను కాసేపు లెక్కేశాడు.
"మరి నావి ఎన్నంటావు?"

గోడ అవతల దుర్సున్ ఎముకలు గంపలోకి గుమ్మరించాడు.
ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు.
ముందు నవ్వింది జెవ్హెరే.
తర్వాత నేనూ నవ్వాను, సూదులు తీసి.

ఇద్దరం పక్క కొట్లోకి వెళ్ళి కూర్చున్నాం.
"గిన్నెలో ఎన్ని వెయ్యమంటావ్?" అన్నాడు దుర్సున్.
"నాలుగూ వెయ్యి," అన్నాడు జెవ్హెర్,
"ఇవాళ లోటు చెయ్యకు."
మిరప్పొడి వేసిన వెన్న ఎర్రగా పైకి తేలింది.
డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.

రాత్రి కూర్చుని కుట్టాను.
కుడిది కత్తిరించాను, రెండు వేళ్ళు, సరిగ్గా.
ఎడమదానికి కత్తెర తగలనివ్వలేదు.
లోపలికి మడిచి, పైకి కనపడకుండా సన్నగా కుట్టాను.
పొడవంతా అందులోనే ఉంది,
ఇస్త్రీ గీతతో సహా.